మా ఇంటి కంప్యూటరు, లినక్సు, కొన్ని పాత మాటలు

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చే సాధారణ మద్దతు ముగిసింది. మా పినపాకలో ఈ వార్త ఎవరి నిద్రనూ చెడగొట్టలేదు. నాకు మాత్రం చిక్కు వచ్చిపడింది. నా ఇంటి కంప్యూటరు విండోస్ 11ను మోయలేనంత పాతది. దీపావళికి హైదరాబాదు నుండి వచ్చిన మా అబ్బాయి దానిని పరీక్షించి, "నాన్నా, యంత్రానికేమీ రోగం లేదు. లోపలి సిస్టమ్ మారిస్తే ఇంకా కొన్నేళ్ళు పనిచేస్తుంది" అన్నాడు. పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన లినక్స్ మింట్‌ను ముందు ఆ డ్రైవ్ నుండే నడిపి చూపించాడు. నేను సరేనన్న తరువాతనే లోపలికి ఎక్కించాడు. పైసా ఖర్చు లేదు.

ఉచితంగా రావడం నన్ను అంతగా ఆశ్చర్యపరచలేదు. నేను తొలిగా టైపు చేసిన 'స్త్రీ' అన్న మాట చెక్కుచెదరకుండా తెరమీద నిలవడం ఆశ్చర్యపరచింది. ఫాంటు కొనలేదు, ఎవరినీ బతిమాలలేదు. ఇరవయ్యేళ్ళ క్రిందటి సంగతి తెలిసినవారికే ఈ ఆశ్చర్యం అర్థమవుతుంది.

2004లో నేను తొలి కంప్యూటరు కొన్నాను. అందులో ఉన్న విండోస్ దొంగప్రతి అని ఆలస్యంగా తెలిసింది. ఆ రోజుల్లో చిన్న పట్టణాలలో కూర్చి అమ్మిన యంత్రాలలో చాలావాటి స్థితి అదే. పరీక్ష హాలులో పిల్లల జేబులు తడిమి చీటీలు పట్టుకొన్న తెలుగు పండితుడు, ఇంట్లో కూర్చొని చూచివ్రాత యంత్రం మీద వ్యాసాలు వ్రాశాడన్నమాట! ఆ సిగ్గును ఇప్పుడు చెప్పుకొంటున్నాను గాని, అప్పుడు సర్దుకుపోయాను.

ఆ యంత్రం మీద ఒక డీటీపీ సాఫ్ట్‌వేరుతో నేను కూర్చిన పదపట్టికే ఈ వ్యాసానికి మూలం. గోదావరికి ఈవలి మా ఒడ్డు నిజాం పాలనలోనిది. ఆవలి భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959 దాకా తూర్పుగోదావరి జిల్లాలోనివి. నది ఒక్కటే, కచేరీల భాషలు రెండు. రేవు దాటి వచ్చిన పిల్లల నోటి మాటలు, తునికాకు సేకరణలో, ఇప్పపువ్వు ఏరేవేళ, పోడు చేలలో వినిపించే మాటలు, ఏ నిఘంటువులోనూ నాకు కనబడనివి, 742 ప్రోగుచేశాను. కొన్నేళ్ళకు ఆ యంత్రం చెడింది. కొత్తదానిలో ఆ సాఫ్ట్‌వేరు నడవలేదు. ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, ప్రశ్నార్థకాలు, పేరులేని గీతలు కలగలిసిన గందరగోళం!

ఎందుకిలా జరిగిందో బడి భాషలో చెబుతాను. హాజరుపట్టీలో ప్రతి పిల్లవానికీ ఒక సంఖ్య ఉంటుంది. కంప్యూటరులోనూ ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉండాలి. ఆనాటి డీటీపీ ఫాంట్లు తెలుగు రూపాలను ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలలో కూర్చోబెట్టేవి. అంటే పట్టీలో ఒకని పేరు, బల్లమీద మరొకడు. పైగా ఒక్కొక్క సంస్థది ఒక్కొక్క పట్టీ. ఆ ఫాంటు ఉన్నంతసేపు తెలుగు, లేకపోతే గందరగోళం.

అందరికీ ఒకే పట్టీ ఉండాలన్న ప్రయత్నం జరగకపోలేదు. భారతీయ లిపుల కోసం ఇస్కీ అనే ప్రమాణాన్ని భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఖరారు చేసింది. అదే సంవత్సరం అక్టోబరులో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులో తెలుగుకు చోటు దొరికింది; మన లిపికి కేటాయించినవి 128 స్థానాలు. అదే 1991 ఆగస్టు 25న ఫిన్లాండు దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి, తాను సరదాగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ వ్రాసుకొంటున్నానని ప్రకటించాడు. అతనికి తెలుగు సంగతి తెలిసి ఉండదు, ఆ పట్టీ కూర్చినవారికి అతని సంగతీ తెలిసి ఉండదు. మా ఇంటి బల్ల మీద ఆ రెండూ కలుసుకోవడానికి ముప్ఫైనాలుగేళ్ళు పట్టింది!

అతనికి ముందే, 1983 సెప్టెంబరులో, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ఉద్యమానికి పిలుపునిచ్చాడు. తన ప్రయోగశాలలోని ప్రింటరును సరిచేయడానికి దాని మూలపాఠం అడిగితే ఇవ్వలేదన్నది అతని ఫిర్యాదు. వాడుకోవచ్చు, లోపల ఏమున్నదో చదవవచ్చు, పంచవచ్చు, మార్చి పంచవచ్చు — ఈ నాలుగు అనుమతులను అతడు పట్టుబట్టి కోరాడు. వాటికి కట్టుబడిన లైసెన్సు 1989లో వచ్చింది, 1992లో లినక్సు కూడా దాని క్రిందికి చేరింది. ఇంగ్లీషులో 'ఫ్రీ' అన్న ఒక్క మాటే ధరకూ, విముక్తికీ పనిచేస్తుంది గనుక అతడు జీవితమంతా ఆ తేడా వివరిస్తూనే ఉన్నాడు. మనకు ఆ బాధ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాదు మిత్రులు 2005లో తెలుగులో లినక్సును తేవడానికి పూనుకొని, తమ ప్రయత్నానికి 'స్వేచ్ఛ' అనే పేరు పెట్టారు. ఇంతకన్న మంచి పేరు నాకైతే తోచదు.

అయితే సంఖ్యలున్నంత మాత్రాన అక్షరం కనబడదు. 'స్త్రీ' అన్న మాట యంత్రం లోపల ఆరు గుర్తులు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ గుడి. ఈ ఆరింటినీ చదివి, దేనిని పైన, దేనిని క్రింద, దేనిని ప్రక్కన ఉంచాలో తేల్చే ఉపకరణం కావాలి. లినక్సులో ఆ పని పాంగో, హార్ఫ్‌బజ్ వంటివి చేస్తాయి. 2000ల ఆరంభంలో ఒత్తులు విడిపోయి, చుక్కల సున్నలు పట్టుకొని వ్రేలాడేవి. తెలుగు తెలిసినవారు తప్పులు చూపగా, మూలపాఠం అందుబాటులో ఉన్నందువల్ల ఎక్కడెక్కడివారో దిద్దారు.

ఫాంట్ల కథ మరింత సొంపైనది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన అనే పేర్లతో యూనికోడు ఫాంట్లు రూపొందించి ఉచితంగా ఇచ్చారు. తరువాత అవి గ్నూ లైసెన్సుతో లినక్సు పంపిణీలలో చేరాయి. భాగవతాన్ని రాజుకు అంకితమీయలేదని ప్రతీతిగల కవి పేరు ఆ అక్షరాలకు దక్కడం నాకెంతో ఇష్టం. రెడ్ హ్యాట్ సంస్థ వారి లోహిత్ వరుసలోనూ తెలుగు చేరింది. లోహితమంటే ఎరుపే కదా! ఆ తరువాత మండలి, గిడుగు, గురజాడ, సురవరం వంటి ఫాంట్లు అనేకం స్వేచ్ఛగా వచ్చాయి. 2008లో యూనికోడ్ 5.1 కూర్పు దంత్య చకార జకారాలకు ౘ, ౙ అని విడి స్థానాలిచ్చింది. ౘలికీ చిలుకకూ ఉచ్చారణ భేదం బోర్డు మీద వ్రాసి వ్రాసి సుద్దముక్కలు అరగదీసిన నాకు అది పండుగ.

లోపాలు లేవా? ఉన్నాయి. తెలుగు మెనూలలోని కొన్ని అనువాదాలు చదివితే నవ్వు వస్తుంది. నా పాత ప్రింటరు ఇప్పటికీ అలిగే ఉంది. ఫైలుకు 'దస్త్రం' అన్నది మాత్రం భేషుగ్గా కుదిరింది. అన్యదేశ్యమైనా కచేరీలలో నలిగి మనదైన మాట.

ఇక నా పదపట్టిక. దానిలోని గందరగోళాన్ని మా అబ్బాయి శాసనంలా చదవడం మొదలుపెట్టాడు. చెదలు తినగా మిగిలిన ఒక అచ్చుప్రతి నా దగ్గర ఉంది. నేను దానిలోని మాట చదివితే, అతడు ఫైలులో ఆ చోట ఏ ఇంగ్లీషు గుర్తు ఉన్నదో వ్రాసుకొన్నాడు. రెండు సాయంత్రాలు, నడుమ ఒకసారి కరెంటు పోయింది. అలా మా సొంత హాజరుపట్టీ తయారైంది. దానిని బట్టి చిన్న ప్రోగ్రాము వ్రాసి నడిపితే, పేజీలు పేజీలుగా తెలుగు బయటపడింది. నేను లేచి లోపలికి వెళ్ళి మంచినీళ్ళు త్రాగి వచ్చాను.

742లో 731 మాటలు దక్కాయి. తక్కిన పదకొండింటిలో ఒక ఒత్తు ఉండవలసిన గుర్తు ఫైలులోనే చెడిపోయింది. అచ్చుప్రతిలో ఆ పుటలు చెదల పాలు. నాకు జ్ఞాపకం లేదు. ఆ మాటలు చెప్పిన మా బడి వంటమ్మ 2012లో కాలం చేసింది. వాటిని విడిగా ఒక దస్త్రంలో, ఒత్తు చోట ఖాళీ వదిలి, ఉంచాను.