పెట్టుడు పేర్లు

1816లో అమెరికన్ మిషనరీలు సిలోన్‌లో, జాఫ్నా చేరారు. అనాథల్నీ పేదింటి పిల్లల్నీ హాస్టల్లో ఉంచి తిండి, బట్ట, బైబిలు చదువు ఇవ్వాలంటే డబ్బు కావాలి కదా. అక్కడ అమెరికాలో ఎవరో ఒక దాత ఏటా ఒక పిల్లవాడి ఖర్చు భరించేవాడు. బదులుగా వాడికి తను కోరిన పేరు పెట్టించుకునేవాడు! అమ్మానాన్నలు పిలిచిన పేరు వెనక్కి పోయేది.

చదువు మాత్రం గట్టిదే, కాదనలేం. మద్రాసు యూనివర్సిటీ తొలి పట్టభద్రులిద్దరూ అక్కడి బట్టికోటా సెమినరీలో చదివినవాళ్ళే. ఒకరు కారల్ విశ్వనాథ పిళ్ళై. ముందున్న ఆ 'కారల్' చూడండి. రెండో ఆయన దామోదరం పిళ్ళై. తాటాకుల్లో చెదలు పడుతున్న సంగం కావ్యం 'కలిత్తొగై'ని 1887లో అచ్చు వేయించాడు. ఆయన ఇనీషియల్స్ ఇంగ్లీషులో సి.డబ్ల్యూ. తమిళంలో సి.వై. అంటే ఊరు సిరుప్పిట్టి, తండ్రి వైరవనాథన్.