చాంపియన్ — పదచరిత్ర

ఆంగ్లమునందలి ‘చాంపియన్’ పదమునకు మనము ‘విజేత’ యని యర్థము చెప్పుచుందుము. అది కడపటి యర్థము. లాటిను భాషలో ‘కాంపస్’ అనఁగా మైదానము. తజ్జన్యమగు ‘కాంపియో’ మైదానమునఁ బోరువాఁడు. ఫ్రెంచి ద్వారమున నిది 13వ శతాబ్దినాఁటికి ఆంగ్లమునఁ జేరినది.

నాఁటి ఇంగ్లండున భూవివాదములను ద్వంద్వయుద్ధముచేఁ దీర్చుటయుఁ గలదు. వాదిప్రతివాదులు తాము పోరక చాంపియనులను నిలుపుచుండిరి. అనఁగా నితఁడు పరులకొఱకుఁ బోరువాఁడు, ఓడినను చాంపియనే! ఈ పద్ధతి 1819లో శాసనముచే రద్దయ్యెను. ‘ఒక పక్షమునకు చాంపియన్’ అనుచోట నా ప్రాఁతయర్థమే నేఁటికిని నిలిచియున్నది.

రాజునకును చాంపియన్ కలఁడు. ఆ పదవి డైమోక్ వంశమువారిది. 1821లో నాలుగవ జార్జి పట్టాభిషేకపు విందునాఁడు హక్కుదారు మతగురు వగుటచే, నాతని కుమారుఁడు హెన్రీ గుఱ్ఱమెక్కి వచ్చి యినుపచేతొడుగును ముమ్మాఱు నేలవైచెను. చాంపియనునకును బదులుమనిషి! ఎవ్వరును దాని నెత్తలేదు. పోరు లేకయే రాజొసఁగిన బంగారుగిన్నెను గైకొని హెన్రీ మరలెను.