మీసంతో గుడ్డును చదివే ఈగ

నేరేడుచర్ల చుట్టుపక్కల సాగర్ ఎడమ కాలువ కింద వరి వేసేవాళ్లకు మొగి పురుగు పాత పగే. పిలక దశలో మొవ్వు ఎండుతుంది, ఈనాక తెల్ల కంకి తేలుతుంది. కాండంలో దూరిన పురుగును మందుతో అందుకోవడం కష్టం. అందుకే గుడ్డు దశలోనే దెబ్బ కొట్టడానికి ట్రైకోకార్డు వచ్చింది.

ఆ అట్టముక్క మీద ఆవగింజకన్నా సన్నంగా, నల్లగా అంటి ఉండేవి బియ్యంలో గూడుకట్టే రెక్కల పురుగు గుడ్లు. లోపల పెరిగేది మాత్రం ట్రైకోగ్రామా కందిరీగ. పెరిగి బయటికొచ్చినా అర మిల్లీమీటరే. మనిషిని కుట్టదు; మొగి పురుగు గుడ్డులో తన గుడ్డు పెట్టి దాన్ని చంపుతుంది.

ట్రైకోగ్రామాకు ఆ పేరు పెట్టింది ఇంగ్లండ్ కీటక శాస్త్రజ్ఞుడు వెస్ట్‌వుడ్, 1833లో. లక్షల్లో పెంచే పద్ధతి కుదిరింది దాదాపు నూరేళ్ల తర్వాత, 1920లలో, కాలిఫోర్నియాలో ఫ్లాండర్స్ చేతుల మీదుగా. మన దేశంలో ఏ పంటకు ఏ రకమో తేలాలంటే ముందు రకాలు తేలాలి. చూపుకు అన్నీ ఒకటే. 1970 ప్రాంతంలో బెంగళూరులో సుధా నాగర్‌కట్టి, నాగరాజ మగ ఈగల జననాంగాల తేడాలు చూసి ఆ చిక్కు విప్పారు. వరి మొగి పురుగుకు జపానికం రకం, ఆకుముడతకు ఖిలోనిస్ రకం వాడమని నేడు చెబుతున్నారు.

ఇంతకీ ఆ నలుసు గుడ్డును ఎలా గుర్తుపడుతుంది? గుడ్లు పెట్టిన తల్లి రెక్కల పురుగు రాల్చిన పొడి వాసనే ఆచూకీ అని 1970లలో అమెరికాలో మొక్కజొన్న పురుగు మీద తేల్చారు. గుడ్డెక్కిన ఆడ ఈగ రెండు మీసాలతో టకటకా తడుతూ అటూ ఇటూ నడుస్తుంది. ఆ నడకే కొలత. గుడ్డు పెద్దదైతే ఎక్కువ గుడ్లు పెడుతుంది, చిన్నదైతే తగ్గిస్తుంది. అంతకుముందే మరో ఈగ వాడిన గుడ్డయితే చాలాసార్లు మీసం తగలగానే వదిలేస్తుంది. 1930లలో కేంబ్రిడ్జ్‌లో జార్జ్ సాల్ట్ అలాంటి గుడ్లను నీళ్లతో కడిగి చూశాడు. వాసన పోయేసరికి ఈగలు మళ్లీ వాటినే ఎక్కాయి!

అయినా కార్డును మంత్రమనుకోవద్దు. మొగి రెక్కల పురుగు తన గుడ్ల కుప్ప మీద గోధుమరంగు నూగు కప్పుతుంది. అడుగు వరసల దాకా జపానికం చేరలేదు. ఆ పని చేసే టెట్రాస్టికస్, టెలినోమస్ కందిరీగలు మన పొలాల్లోనే ఉంటాయి. వాటిని ఎవరూ కొని తేనక్కర్లేదు, చంపకపోతే చాలు. ఎకరాకు 20 వేల గుడ్ల కార్డును ముక్కలు చేసి, సాయంత్రం పూట ఆకుల అడుగున కుట్టండి. ఆ వారం పది రోజులు చేలో పురుగుమందు కొట్టకండి.