గావ్రిల్ రోమర్

'బీమ్‌ఎన్‌జీ.డ్రైవ్' అనే డ్రైవింగ్ ఆటలోని కల్పిత ఎస్‌యూవీ. జర్మనీలోని బ్రెమెన్‌కు చెందిన సంస్థ చేసిన ఈ ఆట 2015లో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణానికి వచ్చింది. కల్పిత బండిని నమ్మించేది ప్రధానంగా లోపలి కట్టడమే అనడానికి రోమర్ మంచి రుజువు. ఈ ఆటలో ప్రతి వాహనమూ బరువున్న బిందువులు, వాటిని కలిపే సాగే కడ్డీల అల్లిక. గుద్దుకుంటే ఏది ఎంత వంగాలో అప్పటికప్పుడు లెక్క తేలుతుంది. అమెరికాలో పెద్ద ఎస్‌యూవీలు చాలావరకు పికప్ ట్రక్కుల నుంచే పుట్టాయి. ఆ వంశక్రమాన్ని పాటిస్తూ రోమర్ కూడా ఆటలోని అదే కల్పిత బ్రాండ్ పికప్ అయిన గావ్రిల్ డి-సిరీస్ ఛాసిస్ మీదే నిలిచింది. ఎంతో తెలివైన నిర్ణయమిది.

ఆటగాడు చూసేది పైరూపమేగా అనవచ్చు. కానీ మలుపులో బండి ఒరిగినా, ముందుభాగం నుజ్జయినా బయటపడేది ఆ కట్టడమే. అసలు బ్రాండ్లనే వాడవచ్చుగా అంటే, దానికి లైసెన్సు కావాలి. తమ కార్లు తుక్కవడం చూపేందుకు తయారీదారులు తరచూ ఒప్పుకోరు. కల్పిత బండికి ఆ అడ్డు లేదు.