ఆ పిల్లకు ఎక్కించిన మందు

పన్నెండు పదమూడేళ్ళ పిల్ల. పెద్దపేగు నిండా పుండ్లు. స్టిరాయిడ్లు వాడినా క్రోన్స్ జబ్బు లొంగడం లేదు. ఆమ్‌స్టర్‌డామ్ డాక్టర్ల చేతిలో మిగిలింది ఒకటే: ఆ జబ్బుకు అంతవరకు ఎవరికీ ఎక్కించని మందు.

దాని పేరు అప్పట్లో సీఏ2. న్యూయార్క్‌లో యాన్ విల్చెక్, జున్మింగ్ లే తయారుచేసిన ఎలుక యాంటీబాడీని సెంటోకార్ కంపెనీ మనిషి ఒంటికి సరిపడేలా మార్చింది. ఒంట్లో వాపును రగిలించే టీఎన్‌ఎఫ్‌ను అది పట్టి ఆపుతుంది. మొదట అనుకున్నది ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికొచ్చే సెప్సిస్‌కు. సెప్సిస్ మీద పనిచేస్తున్న సాండర్ వాన్ డెవెంటర్ బృందం దాన్ని పేగు జబ్బు వైపు తిప్పింది.

మందులో ఇంకా నాలుగో వంతు ఎలుక అంశే. ఒళ్ళు తిరగబడితే? సరేననాల్సింది కన్నవాళ్ళు. డాక్టర్ల తెగువ కన్నా వాళ్ళ గుండె నిబ్బరమే నాకు పెద్దదిగా కనిపిస్తుంది.

మందు ఎక్కింది. గొట్టం వేసి చూస్తే పుండ్లు మానాయి! కొన్ని నెలలకు జబ్బు తిరగబెట్టింది కానీ, 1993లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన ఆ ఒక్క కేసు దారి తెరిచింది. 1997లో 108 మందితో చేసిన పరీక్ష ఫలితాలొచ్చాయి. కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున ఎక్కించిన 27 మందిలో 22 మందికి గుణం కనిపించింది. ఉత్తుత్తి మందు ఎక్కించినవాళ్ళలో నలుగురికే. 1998లో అమెరికా అనుమతిచ్చింది. అదే ఇన్‌ఫ్లిక్సిమాబ్.

అసలు సంగతి 2001లో బయటపడింది. మందు వాడినవాళ్ళలో 70 మందికి టీబీ వచ్చినట్టు లెక్క తేలింది. కొందరి ఒంట్లో టీబీ నివురు గప్పిన నిప్పులా ఉంటుంది. ఆ నివురును నిలిపి ఉంచేది ఈ మందు ఆపే టీఎన్‌ఎఫే.

కమాన్‌పూర్‌లో కూర్చొని ఈ గాథ రాయడం అందుకే. పేగు టీబీ, క్రోన్స్ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ముందు టీబీ గోళీలు మింగి, తగ్గకపోతేనే క్రోన్స్ అని తేలినవాళ్ళు మన దేశంలో ఎందరో. క్రోన్స్ పట్నపోళ్ళ జబ్బనుకోవద్దు. హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి డాక్టర్లు కడుపు బాధలున్న 30 వేల మందికి పైగా పరీక్షించి చూస్తే పల్లెల్లోనూ క్రోన్స్ లాంటి పేగు వాపు జబ్బులు బయటపడ్డాయి.

ఇన్‌ఫ్లిక్సిమాబ్ పొడి రూపంలో వస్తుంది. నీళ్ళు కలిపాక సీసాను కుదపకూడదు, మెల్లగా తిప్పాలి. సెలైన్‌లో కలిపి రెండు గంటలు ఎక్కించాలి. అంతకన్నా ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష. ఇంట్లో గానీ, బొగ్గు బాయిలో పక్కన పనిచేసినవాళ్ళకు గానీ ఎప్పుడు టీబీ వచ్చి ఉన్నా ఆ మాట డాక్టరుకు చెప్పండి, వాళ్ళు అడగకపోయినా సరే.