అతిశయోక్తి అబద్ధమా? ఓరుగల్లు చెప్పే జవాబు

అతిశయోక్తి పాఠం రాగానే మనం "ఉన్నదాన్ని ఎక్కువ చేసి చెప్పడం" అని రాయించి, చెరువు సముద్రమంత ఉందనే ఉదాహరణ ఇచ్చి ముందుకు వెళ్లిపోతాం. "మరి అది అబద్ధమే కదా టీచర్?" అని పిల్లలు అడిగితే ఏం చెప్తారు?

లోకపు హద్దు దాటేలా చెప్పడం అతిశయోక్తి అన్నాడు కావ్యాదర్శం రాసిన దండి. అలంకారాల్లో ఉత్తమమైనదనీ అన్నాడు. హద్దు ఎక్కడుందో తెలిసినవాళ్లకే కదా, దాటినట్టు తెలిసేది!

కాకతీయుల ఓరుగల్లులో విద్యానాథుడు సంస్కృతంలో ప్రతాపరుద్ర యశోభూషణం రాశాడు. అది అలంకారశాస్త్ర గ్రంథం, కానీ ఉదాహరణ పద్యాలన్నీ తన రాజు పొగడ్తలే. నాటక లక్షణాలు చెప్పడానికి ఆ రాజునే నాయకుణ్ని చేసి ఒక నాటకాన్నే పుస్తకంలో పెట్టేశాడు. (మన కమిటీ ప్రెసిడెంటు గారి మీద ఎవరైనా ఇంత పని చేయగలరా?) ఆ పద్యాల్లో ప్రతాపరుద్రుడి పరాక్రమానికి ఎదురే లేదు.

1323లో ఉలుగ్ ఖాన్ సేనలు ఓరుగల్లును పట్టుకున్నాయి. బందీగా వెళ్తూ రాజు నర్మద ఒడ్డున చనిపోయాడని ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం చెప్తుంది. ఢిల్లీ వైపు చరిత్రకారుడు షంస్ సిరాజ్ అఫీఫ్ కూడా రాజు దారిలోనే పోయాడని రాశాడు. నిజానికి విలస శాసనంలోనూ పొగడ్తలు బోలెడు. కానీ రెండు వైపుల వాళ్లూ ఒకే మాట చెప్పారు కాబట్టి ఆ మరణవార్తకి బరువుంది.

అంతమాత్రాన విద్యానాథుడు అబద్ధాలకోరు కాడు. అది పొగడ్త అని సభలో అందరికీ తెలుసు. ఏడు వందల ఏళ్ల తర్వాత ఆ పద్యాన్ని వార్తలా చదివితే మోసపోయేది మనమే.

బహ్రెయిన్‌లో పెరిగే పిల్లలకి మన ఊరి చెరువు కొలత తెలీదు. వాళ్లకి తెలిసిన కొలత ఇవ్వండి. కింగ్ ఫహద్ కాజ్‌వే పొడవు దాదాపు 25 కిలోమీటర్లు. "కార్ల వరుస సౌదీ దాకా ఉంది" అంటే, సెలవుల్లో అది నిజమే అయినా అవ్వొచ్చు. "హైదరాబాద్ దాకా ఉంది" అంటే అతిశయోక్తి. "ఎండకి మనామా కరిగిపోయింది" అని కథలో రాస్తే దయచేసి కొట్టేయకండి. అదే మాట హిస్టరీ ప్రాజెక్టులో కనిపిస్తే మాత్రం, ఆ రోజు ఎన్ని డిగ్రీలో కనుక్కుని రాయమనండి.