పందెపు గుఱ్ఱము

మా సర్వసిద్ధి రాయవరము చుట్టుపట్ల గ్రామములలో తీర్థములనాడు ఎడ్ల పందెములును గుఱ్ఱపు పందెములును జరుగుట కలదు. గెలిచిన గుఱ్ఱ మెవరిదని పదిమందియు నడుగుదురు. ఓడిన గుఱ్ఱ మేమైనదని యడుగువారు అరుదు. పల్లెలోనే కాదు, మన దేశచరిత్రమందును ఈ రెండవ ప్రశ్నకు చోటు తక్కువ.

మనవారు గుఱ్ఱము నెఱుగనివారు కారు. నకులుని పేర సంస్కృతమున అశ్వశాస్త్రము కలదు. తెనుగున మనుమంచిభట్టు హయలక్షణవిలాసమును రచించెను. ఇంత యెఱిగియు, గుఱ్ఱమును ప్రాణిగా కంటె ధనముగానే యెక్కువ చూచితిమి. విజయనగర ప్రభువైన సాళువ నరసింహరాయలు ఓర్ముజు, ఏడెను రేవులనుండి గుఱ్ఱములను తెప్పించుచు, సముద్రముమీద చచ్చినదాని తోక తెచ్చి చూపినను, బ్రతికినదానికివలెనే వెల చెల్లించెనని పోర్చుగీసు వర్తకుడు నూనిజు వ్రాసెను. వర్తకునికి నష్టము లేకపోయెను. చచ్చిన గుఱ్ఱమును గూర్చి లెక్క యడిగినవారు లేరు.

తరువాత యుద్ధాశ్వముల కాలము పోయి పందెపు గుఱ్ఱముల కాలము వచ్చినది. నైజాము ప్రభువులు 1868లో హైదరాబాదు చెంత మౌలాలీయందు పందెములు ప్రారంభించిరి; 1886లో అవి మలకపేటకు మారినవి. చెన్నపట్టణమున గిండీ మైదానము ప్రసిద్ధమైనది. 1974లో తమిళనాడు ప్రభుత్వము ఈ పందెముల నెత్తివేయ శాసనము చేసెను. 1996లో సుప్రీముకోర్టు, ఇది కేవల మదృష్టముపై గాక నేర్పుపై నాధారపడిన క్రీడ యని తీర్పు చెప్పెను. జూదమా, నేర్పా యన్న ఈ వాదము ఇరువదిరెండేండ్లు సాగినది. అందు తూచినది మనుష్యుని డబ్బు. పరుగెత్తిన ప్రాణి బాధ కాదు.

ఆ బాధ కల్పితము కాదు. పందెపు గుఱ్ఱము గంటకు 60 కిలోమీటర్లకు మించి పరుగెత్తును. పెక్కింటిని రెండవయేటనే పందెమునకు దింపుదురు. వెన్నెముక పూర్తిగా ముదురుటకు అయిదేండ్లు దాటవలెను. పరుగు తీవ్రతచే ఊపిరితిత్తులలో రక్తము స్రవించుట సాధారణము. కాలిఎముక విఱిగినచో, మూడుకాళ్లపై అంత బరువును మోయలేదు గనుక, తఱచుగా దానిని చంపుటయే శరణ్యమగును. యజమానులు మేతకును వైద్యమునకును లోటు చేయరన్న మాట సత్యమే. అయితే అది పరుగెత్తునంతవఱకే కదా!

చట్టము లేకపోలేదు. 1890నాటి జంతుహింసా నివారణ శాసనమునకు బదులుగా, రుక్మిణీదేవి అరుండేలు పట్టుదల ఫలితముగా, 1960లో క్రొత్త శాసనము వచ్చినది. కాని అందు మొదటి నేరమునకు విధించిన జరిమానా పది రూపాయలకు తక్కువ గాక ఏబదికి మించక యుండెను. లక్షల పందెమునకు ఏబది రూపాయల భయ మేపాటిది?

పందెములన్నియు రేపే మాన్పింపవలెనని మేము వాదింపము. నార్వేదేశము 1982లో పందెమున కొరడాదెబ్బను నిషేధించినది. అంతమాత్రమున అచ్చట పందెములు నిలిచిపోలేదు. మనమును అట్లు చేయవచ్చును. ఎముక ముదురని పిల్లను పరుగెత్తింపకుండవచ్చును. ప్రతి గుఱ్ఱమును పందెము మానిన పిదప ఎవరియొద్ద నున్నదో, ఎట్లు చనిపోయినదో వ్రాసియుంచి, ఆ పుస్తకమును ప్రజలకు చూపవచ్చును. పల్లె తీర్థమునందు సైతము, పరుగునకు ముందొకసారి, తరువాత నొకసారి పశువైద్యునిచే చూపించుట కష్టము కాదు. దానివలన సంపాదించినవారు ఈమాత్రము ఋణము తీర్పకున్నచో, మన బిడ్డలకు మనము చెప్పు భూతదయ వట్టి పాఠమగును.